బొమ్మను ఆడించే చెయ్యి

తెలుగులో 'ఆట' అనే మాటకు ఉన్నంత విశాలమైన హృదయం మరే మాటకూ లేదేమో అనిపిస్తుంది నాకు. గోళీలాట ఆటే, చదరంగమూ ఆటే. కూచిపూడి భాగవతులు ఆడేదీ ఆటే, తోలుబొమ్మలదీ ఆటే. సినిమాకు సైతం 'మొదటి ఆట, రెండవ ఆట' అని టిక్కెట్లు కొన్న తరం మాది. పందెమూ, ప్రదర్శనమూ, నాట్యమూ, నాటకమూ అన్నీ ఒక్క మాటలో ఇముడ్చుకున్న భాష ఇది. ఇంతటి మాట ఇంట్లో ఉండీ, పిల్లలు కంప్యూటరు మీద ఆడే దానిని మాత్రం మనం 'గేము' అని వేరు చేసి, గుమ్మం బయట చెప్పులు విడిచే చోట నిలబెట్టాం. దానిని లోపలికి పిలిచి పీట వేయవచ్చునా, వేయకూడదా అన్నది ఈ వ్యాసంలో నేను తేల్చదలచిన సంగతి. అందరికీ కాకపోయినా, కనీసం ఒకదానికి వేయవచ్చునని నా అభిప్రాయం. దాని పేరు 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్'.

పుణె నగరంలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న సంస్థ దీనిని తయారు చేసింది. 2017లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం నుండి చందాలు అడిగారు గాని, అనుకున్న మొత్తం చేరలేదు. ఆ తరువాత ఎపిక్ గేమ్స్ వారి ఆర్థిక సహాయమూ, ప్రచురణకర్తల అండా దొరికి, 2020 ఆగస్టులో నింటెండో స్విచ్ యంత్రం మీదా, అదే ఏడాది అక్టోబరులో కంప్యూటరు మీదా, తక్కిన యంత్రాల మీదా వెలువడింది. ఆ సంవత్సరం ది గేమ్ అవార్డ్స్‌లో తొలి ఆటల విభాగంలో పోటీకి ఎంపికైంది కూడా. అయినా దీనికి దక్కవలసిన మన్నన దక్కలేదని నా వాదం. విదేశీ విమర్శకులు చిత్రరచనను మెచ్చుకొని, పోరాటాన్ని తప్పుపట్టి, నిడివి తక్కువని పెదవి విరిచి వెళ్లిపోయారు. మనవాళ్లలో చాలామందికి దీని పేరే తెలియదు.

కథ పెద్దదేమీ కాదు. దేవాసుర యుద్ధం జరిగి వేయి సంవత్సరాలైంది. మనుషులు ఆ యుద్ధాన్నీ, దేవతలు తమకిచ్చిన శక్తులనూ మరచిపోయారు. ఓడిన అసురులు మహాబలాసురుని నాయకత్వాన మళ్లీ మనుష్యలోకం మీద విరుచుకుపడతారు. రక్షాబంధనం నాటి సంబరంలో గోలూ అనే కుర్రవాణ్ణి ఎత్తుకుపోతారు. అతని అక్క రాజీ. ఊరూరా తిరిగి కసరత్తు విద్యలు ప్రదర్శించి పొట్ట పోసుకునే పిల్ల. దుర్గాదేవి ఆ పిల్లను ఎంచుకొని త్రిశూలం అనుగ్రహిస్తుంది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఆమె వెళ్లడమే తక్కిన ఆట అంతా.

ఈ నాయిక ఎంపిక దగ్గరే నేను మొట్టమొదట ఆగిపోయాను. మహాకావ్యానికి నాయకుడు దేవుడైనా కావాలి, సద్వంశంలో పుట్టిన క్షత్రియుడైనా కావాలి అని విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో నియమం పెట్టాడు. మా చదువులో అది కంఠస్థం చేసిన లక్షణం. ఇక్కడ నాయిక గడ ఎక్కి, దొమ్మరాట ఆడే వారి వంటి పిల్ల. రాజకుమారి కాదు, శాపవశాన పుట్టిన అప్సరసా కాదు. ఆమెకు దైవం ఇచ్చింది ఆయుధం మాత్రమే. ఒడుపు ఆమె సొంతం. గోడ మీద నాలుగడుగులు పరుగెత్తి వెనుకకు మొగ్గ వేయడం, స్తంభాన్ని పట్టుకొని గిర్రున తిరిగి అసురుణ్ణి తన్నడం, ఇవన్నీ సంతలో చుట్టూ మూగిన జనం ముందు నేర్చుకున్న విద్యలే. కడుపు కోసం నేర్చిన విద్య యుద్ధానికి పనికివచ్చిందన్న మాట. ఈ సూక్ష్మాన్ని ఎవరూ మాటల్లో చెప్పరు. ఆడేవాడి వేళ్లకు తెలుస్తుంది, అంతే.

ఆటలో ముఖ్యమైన కథాఘట్టాలను తోలుబొమ్మల నీడలుగా చూపిస్తారు. వెనుక దీపం, ముందు తెర, నడుమ కీళ్లు కదిలే బొమ్మ. ఉత్తరాంధ్రలో పుట్టిన నాకు తప్పెటగుళ్లూ, తూర్పు భాగవతమూ దగ్గరి చుట్టాలు. అయినా తోలుబొమ్మలాట అనగానే తెలుగువాడికి అనంతపురం సీమలోని నిమ్మలకుంట గుర్తుకు రావాలి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ ఏడాదే ఈ ఆట కూడా తెర మీదికి వచ్చింది. పుణెలో తయారైన ఆటకూ నిమ్మలకుంటకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. ఒకే దీపం రెండు చోట్ల వెలిగిందని మాత్రం అంటున్నాను.

ఇక్కడ కొంచెం వెనుకకు వెళ్లాలి. వీడియో ఆటల్లో మన దేవతలు కనబడడం రాజీతో మొదలు కాలేదు. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆటను ప్లేస్టేషన్ 2 కోసం తయారు చేసింది. ఆ యంత్రం కొరకు మన దేశంలోనే పూర్తిగా తయారైన తొలి ఆటగా అప్పట్లో దానిని చెప్పుకొన్నారు. తెలుగు గడ్డ మీద పుట్టిన ఆట, అందులోనూ మన ఆంజనేయుడు! మురిసిపోవలసిందే. కాని దానిని ఆడినవాళ్లు పెదవి విరిచారు. అంతకంటె ముందే వివాదం రేగింది. అమెరికాలో నెవాడాలో ఉండే రాజన్ జెడ్ అనే హిందూ ధర్మప్రచారకులు ఆ ఆటను ఉపసంహరించుకోవాలని సోనీ సంస్థను కోరారు. భక్తులు తమ తలరాతను హనుమంతుని చేతిలో పెడతారు. ఆటలోనేమో హనుమంతుని తలరాత ఆటగాడి చేతిలోకి వస్తుంది. ఇది తగదు అన్నది వారి వాదన సారాంశం.

ఆ వాదనను తేలికగా తోసిపుచ్చడం నా వంటి వాడికి న్యాయం కాదు. అందులో ఒక నొప్పి ఉంది. దేవుని బొమ్మను గోతిలో పడవేసి, 'అయ్యో, పోయింది, మళ్లీ మొదలెడదాం' అనుకోవడం ఎవరికైనా ఇబ్బందే. కాని తోలుబొమ్మలాట ఆడించే ఆయన చేతిలో ఏముంది? రాములవారి బొమ్మకు గుచ్చిన కర్ర ఉంది. ఆయన కర్ర ఎత్తితే రాముడు ధనుస్సు ఎత్తుతాడు, కర్ర దించితే దించుతాడు. ఎన్ని వందల ఏళ్లుగానో ఆ కర్ర మనుషుల చేతిలోనే ఉంది. రాముణ్ణి మనిషి ఆడిస్తున్నాడని ఏ ఊరిలోనూ ఎవరూ నొచ్చుకోలేదు. ఎందుకంటే ఆ మనిషి ముందు గణపతిని ప్రార్థించి, పద్యం పాడి, తాను కథ చెబుతున్నానే గాని దేవుణ్ణి ఏలడం లేదని జనానికి స్పష్టంగా తెలియజేసి ఆ తరువాతే కర్ర పట్టుకుంటాడు. చెయ్యి ఎవరిదన్నది కాదు చిక్కు. ఆ చేతికి వెనుక కథకుని వినయం ఉందా, లేదా అన్నదే చిక్కు. ఒక్క హనుమంతుణ్ణి దూకించి, గదతో కొట్టించి వదిలేసే ఆటలో ఆ వినయానికి చోటెక్కడ?

హైదరాబాదు నుండే 2017లో ఓగర్ హెడ్ స్టూడియో వారి 'అసుర' వచ్చింది. అసురపక్షాన నిలబడి ఆడే ఆట అది. దాని గురించి మరెప్పుడైనా రాస్తాను. ఆ వేగం నా వేళ్లకు అందేది కాదు.

రాజీ తయారు చేసిన వారు ఈ చిక్కును విప్పిన పద్ధతి నాకు పరమ సంతోషం కలిగించింది. దేవతలను ఆటగాడి చేతికి ఇవ్వలేదు. దుర్గా విష్ణువులిద్దరూ పైనుండి ఈ పిల్లను చూస్తూ తమలో తాము మాట్లాడుకుంటారు. వారి మాటలే మనకు కథ. ఆటగాడి చేతిలో ఉన్నది మనిషి పిల్ల. ఆమె పడిపోతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. పడడం ఆమెకు అవమానం కాదు. చెప్పేవారు దేవతలు, చేసేది మనిషి, వినేదీ చేయించేదీ మనం. సూతుడు శౌనకాదులకు చెప్పడం, వైశంపాయనుడు జనమేజయునికి చెప్పడం మన పురాణేతిహాసాల కట్టడం. కథ చుట్టూ ఎప్పుడూ ఒక కథకుడూ ఒక శ్రోతా ఉంటారు. ఆ కట్టడాన్ని ఈ ఆటలో యథాతథంగా నిలబెట్టారు. తెలిసి చేశారో, సంస్కారవశాన జరిగిందో నాకు అనవసరం.

ఆడడం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మేముండేది విశాఖపట్నంలో ఆటోనగర్‌ను ఆనుకొని ఉన్న వీధి. పగలంతా లేతు యంత్రాల కీచుమనే చప్పుడు, వెల్డింగు మెరుపులు, లారీ బాడీలకు రేకులు కొట్టే సుత్తి దెబ్బలు. రాత్రి ఏడు దాటాక షెడ్లకు తాళాలు పడి కాస్త నెమ్మదిస్తుంది. అప్పుడు మా మనుమడి కంప్యూటరు ముందు కూర్చుంటాను. "తాతా, తొందరపడకు, వాడు చెయ్యెత్తినప్పుడు పక్కకు దూకించు" అని వాడు పక్క నుండి పాఠం చెబుతాడు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన వాడికి ఇలా పాఠం వినడంలో ఒక సుఖం ఉంది.

కోటలూ, గుళ్లూ రాజపుతానా తీరువి. రంగులు పహాడీ చిత్రాల నుండి వచ్చినవి. గోడలకు యంత్రపు నున్నదనం లేదు. కుంచె జాడ కనబడుతుంది. నా కంటికి వెంటనే వడ్డాది పాపయ్య గారు గుర్తుకు వచ్చారు. శ్రీకాకుళంలో పుట్టి మా పక్కనే కశింకోటలో స్థిరపడిన 'వపా' చందమామ ముఖచిత్రాలకు వేసిన రంగుల్లో ఇటువంటి వెలుగే ఉండేది. లోపల దీపం పెట్టినట్లు. ఆటోనగర్‌లో లారీ క్యాబిన్ల మీద తామరపూలూ, చిలుకలూ, అమ్మవారి పేరూ రాసే పెయింటర్లు ఉన్నారు. వాళ్లలో ఒక కుర్రవాడు పనిమీద మా ఇంటికి వచ్చి, తెర మీది కోటను చూసి, "ఇది చేత్తో ఏసిందే బాబూ" అన్నాడు. నాకు పుస్తకాలు చదివితే తెలిసిన సంగతి అతనికి చూడగానే తెలిసింది.

అక్కడక్కడ గోడల మీద పురాణకథల చిత్రాలుంటాయి. రాజీని దగ్గరకు నడిపించి నిలబెడితే ఆ కథ వినిపిస్తుంది. నిలబెట్టకపోతే లేదు, ఎవరూ బలవంతం చేయరు. సింహాచలం గుడికి ప్రదక్షిణం చేస్తూ వెలుపలి గోడ మీద హిరణ్యకశిపుని చీలుస్తున్న నరసింహమూర్తి దగ్గర కొందరు ఆగుతారు, కొందరు దండం పెట్టి సాగిపోతారు. ఆగిన పిల్లవాడు "ఇదెవరు?" అని అడుగుతాడు. ఈ ఆటలోనూ అదే పద్ధతి. కథను వెతుక్కొని, నడిచి వెళ్లి, నిలబడి వినడంలో ఒక శ్రద్ధ ఉంది. తరగతి గదిలో నేను ఎంత గొంతు చించుకున్నా పుట్టించలేనిది అదే.

ముక్కలైన మండలాలను తిప్పి సరిచేసే చిక్కుముళ్లు కొన్ని వస్తాయి. అవి సరిపడినప్పుడు అక్కాతమ్ముళ్ల పాత జ్ఞాపకం ఒకటి విచ్చుకుంటుంది. ఆ కాసేపూ యుద్ధం ఆగి, గ్రీకు సంగీతకర్త లీనోస్ జెలోస్ కూర్చిన సంగీతం మన వాద్యాల ధ్వనితో వినిపిస్తూ ఉంటే, బయట సుత్తి దెబ్బలున్నా లేనట్లే. అభినవగుప్తుడు తన్మయీభవనం అన్నాడు. ఆ రసాస్వాదానికి అడ్డుపడే విఘ్నాలు ఏడని కూడా లెక్క చెప్పాడు. వాటిలో ఒకటి తన సొంత సుఖదుఃఖాలలో మునిగిపోయి ఉండడం. అరవై దాటిన వాడికి అదే అసలు విఘ్నం. మోకాళ్ల నొప్పీ, పింఛను కాగితాలూ, రాని ఫోనూ. నాటకం చూస్తున్నా అవి గుర్తుకు వస్తాయి. పుస్తకం చదువుతున్నా వరుసల నడుమ దూరి వస్తాయి. ఈ ఆటలో మాత్రం రావు. చేతులకు పని ఉంది, కంటికి పని ఉంది, తమ్ముణ్ణి వెతకాలన్న తపన ఉంది. మనసుకు పక్కకు జరగడానికి తీరిక లేదు. ఇది కావ్యం కంటె గొప్పదని నేను అనను. కావ్యానికి లేని ఒక ఉపాయం దీనికి ఉందని మాత్రం అంటాను.

దోషాలు లేవా? ఉన్నాయి. తెర మీద దృశ్యాన్ని మన ఇష్టప్రకారం తిప్పుకోలేం. వారు చూపిన కోణంలోనే చూడాలి. ఆ కోణం కోటను చూడడానికి బాగుంటుంది గాని, అంచు నుండి అంచుకు దూకేటప్పుడు దూరం అంచనా దొరకదు. అసురులు నలుగురైదుగురు కమ్ముకుంటే పిల్ల ఎక్కడుందో వెతుక్కోవాలి. కొన్ని దెబ్బలు కొట్టిన తరువాత ఆమె చేయి ఆగదు, మన మాట వినదు. విమర్శకులు చెప్పిన ఈ మాటల్లో సత్యం ఉంది. ఆంగ్లంలో మాట్లాడే గొంతులు కూడా నాకు రుచించలేదు. దేవతలు ఉపన్యాసపోటీకి వచ్చినట్లు మాట్లాడతారు. 2022లో మెరుగులు దిద్దిన ప్రతిలో హిందీ గొంతులు చేర్చారు. అది వింటే కొంత ఊరట. దుర్గమ్మ మా పైడితల్లి జాతరలో వినిపించే పలుకుబడితో "నా తల్లే, లెగమ్మా" అంటే ఎలా ఉంటుందో ఊహించుకొని నేను తృప్తిపడ్డాను.

అసలైన లోపం ముగింపు. కథ కంచికి చేరకుండానే ఆట ఆగిపోతుంది. తరువాతి భాగానికి దారి తెరిచి వదిలేశారు. తోలుబొమ్మలవారు ఎంత రాత్రైనా మంగళం పాడనిదే దీపం తీయరు. ఆ సంప్రదాయం నుండి ఇంత తీసుకున్నవారు అది కూడా తీసుకోవలసింది. ఈ విషయంలో నాకు కోపం ఇంకా పోలేదు.

నిడివి తక్కువ అన్న ఆక్షేపణను మాత్రం నేను ఒప్పుకోను. చేయి తిరిగినవారు ఐదారు గంటల్లో ముగిస్తారట. నాకు ఇరవై రోజులు పట్టింది, అది వేరు. ఐదారు గంటలంటే ఒక రాత్రి ఆట. రాత్రి మొదలై కోడికూతకు ముగిసే వీధి ఆటకు అదే కొలత. చూసినవాడు పొద్దున్నే లేచి పొలానికి వెళ్లాలి గదా! ఇప్పుడు మా వీధి చివర షెడ్లలో పనిచేసే కుర్రవాళ్లు మధ్యాహ్నం అన్నం తిని ఫోన్లలో ఆడే ఆటలు చూస్తున్నాను. 2020 సెప్టెంబరులో పబ్జీని ప్రభుత్వం నిషేధించినప్పుడు తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. మరుసటి ఏడే అది బీజీఎంఐ అనే పేరుతో తిరిగి వచ్చింది. ఆ ఆటకు చివర లేదు. ఒక్కొక్క పోరూ ముగుస్తుంది గాని, ఆట ముగియదు. ముగియకుండా ఉండడమే దాని వ్యాపారం. తుపాకీకి రంగు కావాలంటే డబ్బు, చొక్కాకు డబ్బు. పిల్లలు ఆటల వల్ల చెడిపోతున్నారు అని నా ఈడువాళ్లు అన్నప్పుడు నేను అడిగేది ఒక్కటే: ఏ ఆట? ముగిసేదా, ముగియనిదా? కథ ఉన్నదా, లేనిదా? అన్నింటినీ ఒకే తాటికి కట్టి కొట్టడం వల్ల మంచి ఆట కూడా దెబ్బ తింటోంది. చివరకు ఇంట్లో మిగిలేది ఉచితంగా దొరికే ఆ ముగియని ఆటే.

దీనికి వెల ఉంది, కంప్యూటరో ప్రత్యేక యంత్రమో కావాలి అన్న మాట కూడా నిజమే. కాని పురాణం చెప్పేవాడు ఊరికి వచ్చే కాలం పోయింది. 1947 నుండి ఇంటింటికీ కథలు మోసిన చందమామ ముద్రణ ఆగిపోయి పదేళ్లు దాటింది. బడిలో తెలుగు వాచకం మార్కుల కోసం. ఇంటి దగ్గర తాతలు టీవీ ముందు. మరి మహిషాసురుడెవరో, విష్ణువు అన్ని అవతారాలు ఎందుకు ఎత్తవలసి వచ్చిందో పిల్లవాడి చెవిని ఏ దారిన పడాలి? ఏ దారి తెరిచి ఉంటే ఆ దారిన పడనివ్వండి అంటాను. మా మనుమడు ఆ గోడచిత్రాల దగ్గర ఆగి వినేవాడు. విన్నాక అక్కడ చెప్పనివి నన్ను అడిగేవాడు. అమ్మవారు సింహం మీదే ఎందుకు వస్తుంది? ఆయుధాలన్నీ ఆమెకు ఎవరెవరు ఇచ్చారు? ఆట ఆపి, కుర్చీ ఇటు తిప్పి, మార్కండేయ పురాణంలోని ఆ భాగమంతా చెప్పాను. వినగా వినగా వాడు, "అయితే ఈ పిల్లకు త్రిశూలం ఒక్కటే ఇచ్చారేం తాతా?" అన్నాడు. నేను ఆలోచనలో పడ్డాను. ఆడుతూ పోతే విల్లూ, కత్తీ కూడా దొరుకుతాయని ఆ తరువాత వారం తెలిసింది.

ఆడదలచిన వారు 2022 నాటి మెరుగుపరచిన ప్రతినే తీసుకోవాలనీ, హిందీ గొంతులు పెట్టుకోవాలనీ, గోడచిత్రం కనబడిన ప్రతిచోటా ఆగాలనీ నా మనవి. నా ఈడువాళ్లయితే మీటల పలక కంటె గేమ్‌ప్యాడు తెచ్చుకోవడం మేలు. వేళ్లు నొప్పి పుడితే మనుమడికో మనుమరాలికో అందించి పక్కన కూర్చోవచ్చు. కథ ఎటూ పోదు.